బిల్లు ముందు ఎవరి జేబులోంచి? మారువేషంలో వచ్చే కస్టమర్ కథ

ఈ వారం టాపిక్ నా దోస్తు ఒకడు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న నుంచి వచ్చింది. కరీంనగర్‌లో నాతోపాటే బీటెక్ చేసిండు, ఇప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటడు. గ్రీన్ కార్డు ఉంది, మంచి ఉద్యోగం ఉంది. వాడికి ఒక ఆఫర్ వచ్చింది. అట్లాంటిక్ సిటీలో ఒక క్యాసినో హోటల్లో రెండు రాత్రులు మామూలు గెస్ట్ లాగా ఉండాలె. పెద్ద రెస్టారెంట్‌లో డిన్నర్ చెయ్యాలె, బార్‌లో కూర్చోవాలె, కొంచెం ఆడాలె. ఎవరు ఎట్లా మాట్లాడారు, ఎన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చింది, అన్నీ గుర్తుపెట్టుకుని రిపోర్ట్ రాయాలె. ఖర్చు దాదాపు 900 డాలర్లు. అది ముందు వాడి క్రెడిట్ కార్డు మీదనే పెట్టుకోవాలె. రిపోర్ట్ పాసైతే నెలన్నర తర్వాత ఆ పైసలు వెనక్కి వస్తయి, పైన 100 డాలర్ల ఫీజు.

"ఇది నిజమైన పనేనా, మోసమా?" అని అడిగిండు.

ఇట్లాంటి పని నిజంగానే ఉంది. మిస్టరీ షాపింగ్ అంటారు. హోటల్ వాడే ఒక ఏజెన్సీకి కాంట్రాక్ట్ ఇస్తడు, ఆ ఏజెన్సీ మామూలు మనుషుల్ని గెస్ట్‌లుగా పంపిస్తది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో టెస్టింగ్. డెవలపర్‌కి చెప్పకుండా, అసలు యూజర్ లాగా లాగిన్ అయి చూసుడు. అయితే నాకు ఆసక్తి అనిపించింది ఆ 900 డాలర్ల దగ్గర. టెస్ట్ చేయించుకునేది హోటల్. మరి బిల్లు వాడెందుకు ముందు కట్టాలె? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి పోతే రెండు వేల ఏళ్ళ కథ దొరికింది. ముందుకు వస్తే మన సిరిసిల్ల దాకా వచ్చింది.

మొదట వెనక్కి పోదాం. అర్థశాస్త్రం పేరు అందరం విన్నదే. కౌటిల్యుడి పేరుతో ఉన్న ఈ పుస్తకం వందల ఏళ్ళు కనబడకుండా పోయి, 1905లో మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో శ్యామశాస్త్రి గారి చేతికి తాళపత్రాల రూపంలో దొరికింది. 1909లో అచ్చయింది. ఇప్పుడున్న రూపం క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నుంచి తర్వాత మూడో శతాబ్దం మధ్య తయారైందని చాలామంది పండితుల అంచనా. అంటే అటూ ఇటూగా మన కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున, శాతవాహనుల నాణేలు చేతులు మారుతున్న కాలం.

అందులో మద్యం దుకాణాల మీద ఒక అధ్యాయం ఉంది. సురాధ్యక్షుడు అనే అధికారి ఏం చూసుకోవాలో చెప్తది. దుకాణంలో చాలా గదులుండాలె, విడివిడిగా పడకలు, ఆసనాలు ఉండాలె. తాగే చోట సువాసనలు, పూలదండలు, నీళ్ళు, ఏ కాలానికి తగ్గ సౌకర్యం ఆ కాలానికి ఉండాలె. చదువుతుంటే రిసార్ట్ బ్రోచర్ లాగనే ఉంటది. అసలు సంగతి ఆ తర్వాత వస్తది. ఆ దుకాణాల్లో గూఢచారులు కూర్చోవాలె. కస్టమర్ పెడుతున్న ఖర్చు మామూలుగా ఉందా, అతిగా ఉందా చూడాలె. కొత్తముఖాలు ఎవరో కనిపెట్టాలె. తాగి పడిపోయిన వాడి ఒంటి మీద బట్టలు, నగలు ఎంత విలువ చేస్తాయో లెక్క వేయాలె. ఎందుకంటే మత్తులో ఉన్న కస్టమర్ వస్తువు పోతే దుకాణదారు దాన్ని కట్టియ్యాలె, అంతే మొత్తం జరిమానా కూడా కట్టాలె. గిరాకీ పడిపోయి ఉన్నప్పుడు వాడి ఉంగరం ఎవరు చూస్తారు? అందుకే ఇంకో టేబుల్ దగ్గర కప్పు పట్టుకుని ఒక మనిషి.

జూదానికి ఇంకో అధ్యాయం. ద్యూతాధ్యక్షుడు అని వేరే అధికారి. ఊరంతా ఎక్కడపడితే అక్కడ ఆడొద్దు, ఒకే చోట ఆడాలె, వేరే చోట ఆడితే 12 పణాల జరిమానా. దొంగదారిన బతికేవాళ్ళు ఎవరో తెలియడానికే ఇట్లా ఒకచోట పెట్టాలని కారణం కూడా రాసి ఉంది. పాచికలు నిర్వాహకుడే అద్దెకు ఇయ్యాలె, వాటిని మార్చి మోసం చేస్తే శిక్ష. గెలిచినవాడి సొమ్ములో నూటికి అయిదు ప్రభుత్వానికి. లైసెన్స్, హౌస్ కమిషన్, సర్వైలెన్స్ మూడూ ఒకే అధ్యాయంలో ఉన్నయి. లాస్ వెగాస్ వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కరెంటు లైట్లే అనిపించింది నాకు.

మరి ఈ గూఢచారి బిల్లు ఎవరు కడతారు? జీతాల అధ్యాయం చూస్తే తెలుస్తది. గృహస్థుడి వేషంలో, వర్తకుడి వేషంలో, తాపసి వేషంలో తిరిగే గూఢచారులకు 1,000 పణాల జీతం. కింది రకం వాళ్ళకు 500. ఖజానా నుంచే. ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, రిపోర్ట్ బాగుంటే ఇస్తాం అని ఎక్కడా లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళకు మనుషుల మీద పెద్ద నమ్మకం ఏమీ లేదు, ఉద్యోగులు ప్రభుత్వ సొమ్ము తినడానికి 40 మార్గాలు లెక్కపెట్టి రాశారు. అయినా గూఢచారిని మాత్రం జీతం మీదనే పెట్టుకున్నారు. అప్పులో ఉన్న గూఢచారిని ఎవరైనా కొనేస్తారు కదా!

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన తెలుగులో మొదటి హోటల్ రివ్యూ ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే నేను క్రీడాభిరామం పేరు చెప్తా. ఇద్దరు దోస్తులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. మధ్యలో ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం గురించి పద్యం వస్తది. ఏమేం వడ్డిస్తారు, ఎవరింట్లో, ఎంతకు, అన్నీ ఒకే పద్యంలో. రేటు ఒక రూక. అక్కడ మిస్టరీ ఏమీ లేదు, సొంత పైసలతో తిన్న కస్టమర్ నిజాయితీగా చెప్పిన మాట. రివ్యూ అంటే అది. మిస్టరీ షాపింగ్ వేరే, అది వేరొకరి కోసం చేసే తనిఖీ. ఈ రెండింటిని కలిపేసి మాట్లాడడంతోనే ఇవాళ్టి మోసాలు సగం నడుస్తున్నయి. దాని దగ్గరికి వస్తా.

ఇప్పుడు అమెరికా. 1850లలో అక్కడ రైళ్ళు వేగంగా పెరుగుతున్నయి. చాలామంది టికెట్ లేకుండా ఎక్కి బండిలోనే కండక్టర్‌కి క్యాష్ ఇచ్చేవాళ్ళు. కండక్టర్ ఎంత కంపెనీకి కట్టిండో, ఎంత జేబులో వేసుకున్నడో తెలిసే దారి లేదు. చికాగోలో అలెన్ పింకర్టన్ అనే డిటెక్టివ్ ఉండేవాడు. 1855లో రైల్వే కంపెనీలు ఆయనతో ఒప్పందం చేసుకున్నయి. ఆయన మనుషులు ప్రయాణికుల వేషంలో ఎక్కి, ఎంతమంది క్యాష్ ఇచ్చారో లెక్కపెట్టి, కంపెనీ పుస్తకంతో పోల్చేవాళ్ళు. వీళ్ళని స్పాటర్లు అనేవాళ్ళు. రైల్వే కార్మికులకి స్పాటర్ అంటే ఒళ్ళుమంట. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. పక్కన కూర్చున్న ముసలాయన ప్రయాణికుడో, నీ ఉద్యోగం తీసేయడానికి వచ్చినవాడో తెలియకుండా రోజంతా పని చేయడం ఎట్లుంటదో ఊహించండి. కాల్ సెంటర్‌లో పనిచేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అయినా స్పాటర్ టికెట్ పైసలు మాత్రం స్పాటర్‌వి కావు. ఖర్చు కంపెనీదే.

అదే సమస్యకి ఇంకొకాయన మెషీన్‌తో జవాబు చెప్పిండు. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో జేమ్స్ రిటీ అని బార్ యజమాని. బార్‌లో పనివాళ్ళు గల్లాపెట్టె ఖాళీ చేస్తున్నరు. ఓడ ప్రయాణంలో ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం చూసి, అదే ఐడియాతో 1879లో క్యాష్ రిజిస్టర్‌కి పేటెంట్ తీసుకున్నడు. ఆ యంత్రానికి ఆయన పెట్టిన పేరుకి అర్థం, లంచానికి లొంగని క్యాషియర్. ఇవాళ సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ పుట్టింది అట్లా. మెషీన్ లెక్క చూస్తది, కానీ బార్‌మెన్ అసలు మెషీన్ మీద కొట్టకుండానే గ్లాసు పోస్తే? ఆ గ్లాసు తాగిన మనిషికే తెలుస్తది. అందుకే మెషీన్ వచ్చినా మారువేషం పోలేదు. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ వల్ల మిస్టరీ షాపింగ్ అనే పేరు వాడుకలోకి వచ్చిందని చెప్తారు.

క్యాసినోల్లో ఇది ఇంకా ముఖ్యం. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. కెమెరాలు రాకముందు టేబుళ్ళ పైన, సీలింగ్ వెనకాల సన్నని నడకదారులు ఉండేవి. అద్దాల వెనక మనుషులు నడుస్తూ కింద ఆట చూసేవాళ్ళు. తర్వాత కెమెరాలు వచ్చినయి. డీలర్ టేబుల్ వదిలేటప్పుడు రెండు చేతులు తిప్పి చూపిస్తడు, చేతిలో చిప్ దాచలేదని పైనున్న కెమెరాకి సాక్ష్యం. ఇంత నిఘా ఉన్నా హోటల్‌కి మారువేషపు గెస్ట్ ఎందుకు కావాలె? కెమెరా దొంగతనం చూస్తది. రిసెప్షన్‌లో మనిషిని చూసి మొహం మాడ్చుకున్నది రాసియ్యదు. దుప్పటి వాసన దానికి రాదు. అట్లాంటిక్ సిటీలో మొదటి క్యాసినో 1978లో తెరిచారు, ఇప్పుడు వీధి పొడుగునా పోటీ. గెస్ట్ పక్క హోటల్‌కి పోతే రూమ్ అద్దె ఒక్కటే కాదు, వాడు ఆడి పోగొట్టుకోబోయే పైసలన్నీ పోయినట్టే.

పద్ధతి ఎట్లా మారిందో ఇక్కడే గమనించాలె. పింకర్టన్ మనిషిది ఉద్యోగం. మిషెలిన్ గైడ్ వాళ్ళు 1926 నుంచి రెస్టారెంట్లకి స్టార్లు ఇస్తున్నారు. వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు జీతం మీదున్న ఉద్యోగులు, పేరు చెప్పకుండా వచ్చి తింటారు, బిల్లు కంపెనీ ఖర్చు. మిస్టరీ షాపర్ ఉద్యోగి కాదు. ఒక్కో పనికి ఒక్కో ఒప్పందం, మన డెలివరీ బాయ్స్ లాగా. బర్గర్ షాపుకి పంపితే ముందు పెట్టేది పది డాలర్లు, రాకపోయినా పెద్ద బాధ లేదు. క్యాసినో హోటల్ అయితే అదే రూలు 900 డాలర్ల మీద పనిచేస్తది. రిపోర్ట్‌లో ఒక రశీదు తక్కువైనా, ఒక టైమ్ తప్పు రాసినా రిపోర్ట్ తిరస్కరించొచ్చు. అప్పుడు ఫీజు రాదు, పెట్టిన ఖర్చూ రాదు. ఆడమన్న డబ్బు ఎంతవరకు వెనక్కి ఇస్తారు, గెలిస్తే ఎవరికి అనేది కూడా ఒప్పందంలో ముందే చూసుకోవాలె.

మన లెక్కలో వేసి చూద్దాం. బిల్లు 50,000 రూపాయలు, ఫీజు 3,000 అనుకోండి. క్రెడిట్ కార్డు గడువులోపల రీఫండ్ వస్తే 3,000 మీవి. రాలేదు, బ్యాలెన్స్ మీద మిత్తి పడింది. మన దగ్గర చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దాకా ఉంటది. అంటే 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315, మొత్తం 2,065. ఒక నెల ఆలస్యమైతే మీకు మిగిలేది 935. రెండు నెలలైతే ఎదురు 1,130 మీరే కట్టాలె. రెండు రాత్రుల పని, అయిదారు పేజీల రిపోర్ట్, చివరికి హోటల్ తనిఖీకి అప్పు ఇచ్చింది మీరు. మిత్తి లేకుండా అప్పిచ్చే షావుకారుని మా కరీంనగర్‌లో నేనైతే చూడలేదు.

"మన దేశంలో చేయొచ్చా అన్నా" అంటారు. మిస్టరీ షాపింగ్ ఇక్కడా ఉంది, షోరూములు, బ్యాంకులు, పెట్రోల్ బంకులకి చేయిస్తారు. క్యాసినో హోటళ్ళు మాత్రం తెలంగాణలో లేవు. హైదరాబాద్ రాజ్యం కాలపు జూదం చట్టం తర్వాత 1974 గేమింగ్ యాక్ట్ వచ్చింది, 2017లో ఆన్‌లైన్ పందాలు కూడా అందులోకి వచ్చినయి. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్‌పై పోలీసులు దాడి చేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అన్నది. దేశమంతా ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు చెప్పుకునే తీర్పు పుట్టింది మన రాష్ట్రంలోనే! 2025లో కేంద్రం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టం తెచ్చింది. మనవాళ్ళు క్యాసినో కోసం గోవా పోతారు. అక్కడ 1992లో ఫైవ్ స్టార్ హోటళ్ళకి, 1996లో ఓడలకి అనుమతిచ్చారు. లేదంటే నేపాల్. ఖాట్మండులో క్యాసినో 1968లోనే మొదలైంది. అక్కడ సొంత దేశం వాళ్ళని లోపలికి రానియ్యరు, మనల్ని రానిస్తారు. దీని గురించి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు ఆలోచించుకోండి.

కస్టమర్ ముందు పైసలు పెట్టుకుని పరీక్ష చేయడం అనేది మనకి తెలియని విషయం కూడా కాదు. ఏసీబీ ట్రాప్ గుర్తుందా? ఆఫీసులో లంచం అడిగారని 1064కి ఫోన్ చేస్తే, నోట్ల మీద ఫినాఫ్తలీన్ పొడి చల్లి ఫిర్యాదుదారుని మామూలుగా పంపిస్తారు. తీసుకున్నవాడి చేతులు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగు వస్తది. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్ ఎందుకు పనికొస్తదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ నోట్లు సాధారణంగా ఫిర్యాదుదారువే. నోట్లు సాక్ష్యంగా కోర్టుకి పోతాయి కాబట్టి అంత మొత్తం ఆయనకి తర్వాత ప్రభుత్వం ఇస్తది. ఇక్కడ కూడా జేబు ముందు మనదే. తేడా ఏంటంటే, అవతల ఒక ఆఫీసు ఉంది, ఒక కేసు నంబర్ ఉంది, పైసలు రాకపోతే పోయి అడగడానికి ఒక తలుపు ఉంది.

ఆ తలుపు లేనప్పుడు ఏం జరుగుతదో అమెరికాలో మనవాళ్ళకి తెలుసు. మిస్టరీ షాపర్ ఉద్యోగం అని మెయిల్ వస్తది, తర్వాత ఇంటికి చెక్కు వస్తది. ఖాతాలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పైసలు కనబడతయి. అందులో నీ ఫీజు ఉంచుకుని, మిగతాది మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌ని టెస్ట్ చేయడానికి పంపించు, లేదా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పు అంటారు. చెక్కు నకిలీదని బ్యాంకుకి తెలిసేసరికి వారాలు పడుతది. అప్పుడు మొత్తం నీ ఖాతాలోంచే కోసుకుంటరు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద హెచ్చరిస్తూనే ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇంకో మాట. ఎఫ్-1 మీద ఉండి అనుమతి లేకుండా బయట పని చేయరాదు, నిజమైన మిస్టరీ షాపింగ్ కూడా పనే. ఫీజు వంద డాలర్లు, పోయేది వీసా.

మన దేశంలో ఇదే కథ టెలిగ్రామ్‌లోకి వచ్చింది. హోటల్‌కి ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి, ఇంటి నుంచే పని అంటారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్. ముందు 5,000 పెట్టు, 6,500 వస్తయి. స్క్రీన్ మీద బ్యాలెన్స్ పెరుగుతుంటది, తీసుకుందామంటే ఇంకో 20,000 కట్టమంటరు. క్రీడాభిరామం దగ్గర చెప్పిన మాట ఇందుకే. అది రివ్యూ కాదు, ఎవరూ ఆ హోటల్లో అడుగుపెట్టలేదు. తనిఖీ కూడా కాదు, ఏ హోటలూ చేయించట్లేదు. మిస్టరీ షాపింగ్‌లో మిగతావన్నీ తీసేసి "ముందు నువ్వు పెట్టు" అనే ఒక్క లైన్ కాపీ చేసుకున్నరు. 2023 డిసెంబర్‌లో కేంద్రం ఇట్లాంటి మోసాలకి వాడే వందకి పైగా వెబ్‌సైట్లని బ్లాక్ చేసింది.

మరి అటువైపు కూర్చుని మెసేజ్‌లు టైప్ చేసేది ఎవరు? ఇక్కడ కథ మళ్ళీ క్యాసినో హోటల్‌కి వస్తది. కంబోడియాలో సిహనూక్‌విల్ అనే సముద్రపు ఊర్లో పెద్దఎత్తున క్యాసినోలు కట్టారు. 2019 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ జూదం ఆపేస్తామన్నది, వెంటనే కరోనా వచ్చింది. గిరాకీ లేని హోటళ్ళు, క్యాసినో బిల్డింగులు కొన్ని సైబర్ మోసాల అడ్డాలైనయి. 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు అంచనా ప్రకారం కంబోడియాలో కనీసం లక్ష మంది, మయన్మార్‌లో లక్షా ఇరవై వేల మంది ఇట్లా బలవంతంగా పనిచేస్తుండొచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని తీసుకపోయి పాస్‌పోర్ట్ గుంజుకుంటరు.

2024లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక తల్లి, కంబోడియాలో ఇరుక్కున్న తన కొడుకు గురించి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. అక్కడి నుంచి ఏజెంట్ల గొలుసు బయటపడింది, అరెస్టులు జరిగినయి. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు అడ్డాల నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులని రెండు విమానాల్లో థాయ్‌లాండ్ మీదుగా తీసుకొచ్చారు. అందులోనూ మన తెలంగాణ పిల్లలున్నరు.

వాళ్ళు పోయిన దారి చూడండి. ఏజెంట్‌కి లక్షకి అటూ ఇటూ ముందు కట్టాలె, జీతంలో తీరిపోతది అంటడు. ఇంట్లో అమ్మ బంగారం కుదువ పెడతది, లేదంటే మూడు రూపాయల మిత్తికి తెస్తరు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో దుబాయ్ వీసాల కాలం నుంచి ఇదే లెక్క. అట్లా అప్పు చేసి ముందు పైసలు పెట్టి పోయిన పిల్లగాడు ఆ హోటల్ గదిలో కూర్చుని ఇంకొక పిల్లగాడికి "ముందు 5,000 పెట్టు బ్రో" అని టైప్ చేస్తున్నడు. తెలుగువాళ్ళకి వల వేయాలంటే తెలుగు వచ్చినవాడు కావాలె కదా. ఆ అప్పు తీరే దాకా ఊరికి రాలేడు, వచ్చినా మొహం చూపించలేడు, అందుకే చాలామంది ఇండ్లల్లో కూడా నిజం చెప్పరు.

ఎవరికైనా ఇట్లా పైసలు పోతే 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. మీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి గంటల్లో పోతుంటది, దారిలో ఉన్నప్పుడే బ్యాంకు ఆపగలదు. విదేశీ ఉద్యోగం అంటే ఆ ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. ఆ రిజిస్ట్రేషన్ పద్ధతి 1983 ఎమిగ్రేషన్ యాక్ట్‌తో వచ్చింది. ఆ చట్టం ఎందుకు తేవాల్సి వచ్చింది, అప్పటి బొంబాయి ఏజెంట్ల కథ ఏంటి అనేది వచ్చే ఎపిసోడ్‌లో. మీ ఇంట్లో ఎవరైనా ఆ రోజుల్లో బొంబాయి మీదుగా గల్ఫ్ పోయి ఉంటే, వాళ్ళు ఏజెంట్‌కి ఎంత కట్టారో అడిగి నాకు పంపించండి.